కుందూ నీళ్ళు తాగిన ఇంజన్

"పదో సంవత్సరం సంగతి చెప్పు నాయనా," అన్నాడు గాబ్రియేలు.

కడపలోని ఆ షోరూములో సేల్స్ చూసే క్రాంతి కుమార్ గంటసేపటి నుంచీ కొత్త పికప్ చుట్టూ తిరుగుతూ చెప్పగలిగినదంతా చెప్పాడు. ఎంత బరువు మోస్తుందో చెప్పాడు, లీటరుకు ఎంత ఇస్తుందో చెప్పాడు, వారంటీ ఎన్నేళ్ళో చెప్పాడు. గాబ్రియేలు దేన్నీ కాదనలేదు. అంతా విని, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, మళ్ళీ మొదటికొచ్చాడు.

"వారంటీ మూడేండ్లు. సరే. ఆ తర్వాత? ఆరో ఏడు, ఎనిమిదో ఏడు, పదో ఏడు ఈ ఇంజన్ ఎట్లుంటాది?"

సోఫాలో కూర్చున్న కృపమణి భర్త వంక చూసి నిట్టూర్చింది. పొద్దుట్నుంచీ ఇది మూడో షోరూము. మూడుచోట్లా ఇదే మాట. మొదటిచోట నవ్వారు. రెండోచోట ఏసీ గురించి చెప్పారు.

"ఈ మనిషికి బండి వొద్దు, దాని జాతకం కావాల," అంది ఆమె.

గాబ్రియేలుకు యాభయ్యారేళ్ళు. బద్వేలు దగ్గర పల్లె. పంతొమ్మిదేళ్ళు ఒకే పికప్ తోలాడు. పసుపు కొమ్ములు, ఎరువు బస్తాలు, క్రిస్మస్ కూటాలకు బెంచీలు, పెళ్ళిళ్ళకు వంటపాత్రలు, ఒకసారి బద్వేలు ఆసుపత్రికి ముగ్గురు నిండు చూలాళ్ళను ఒకే ట్రిప్పులో తీసుకుపోయాడు. చివరికి ఛాసిస్ తుప్పు పట్టి చీలింది. ఫిట్‌నెస్ ఇవ్వలేమన్నారు. పాత ఇనుము కింద అమ్మేసిన రోజు కూడా ఆ బండి ఒక్క తాళానికే స్టార్టయి, తనంతట తాను నడిచి లారీ ఎక్కింది. ఇంజన్ బతికుండగానే బండిని పంపేసిన దిగులు గాబ్రియేలుకు ఇంకా తీరలేదు.

దానికి తోడు భయం. పాత ఇంజన్‌లో ఏ నట్టు ఏ పానాకు లొంగుతుందో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఈ కొత్తవాటిలో కంప్యూటరు ఉంది, పొగను పట్టే ఫిల్టరు ఉంది, డాష్‌బోర్డు మీద వెలిగే దీపాలకు లెక్క లేదు. పైగా కృపమణి తమ్ముడు యేసుప్రసాద్ సంగతి కళ్ళ ముందే ఉంది. మంగంపేట గనుల దగ్గర ముగ్గురాయి పొడి తోలడానికి ఇదే మోడలు కొన్నాడు. మూడేళ్ళు నిండకముందే, తొంభై వేల కిలోమీటర్లకే, ఇంజన్ తెల్లటి పొగ కక్కి చతికిలబడింది. "కొత్త ఇంజన్లన్నీ అగ్గిపెట్టెలు బావా, కొనొద్దు," అని అతను ప్రతి ఆదివారం చర్చి బయట నిలబడి మరీ చెబుతున్నాడు.

ఆ మాటే గాబ్రియేలు ఇప్పుడు క్రాంతి కుమార్‌తో చెప్పాడు.

ఆ కుర్రాడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "పెద్దాయనా, నిజం చెప్తా. నేనీడ చేరి నాలుగేండ్లు. పదో సంవత్సరం నేనే చూళ్ళేదు, తెలీదు, మీకేం చెప్పేది? కానీ చూసిన ఆయప్ప ఒకడుండాడు. ప్రొద్దుటూరులో భూపేష్ అని, ఇంజన్లు విప్పి కట్టే షెడ్డు. మీరు చెప్పిన యేసుప్రసాద్ గారి ఇంజన్ కూడా ఆయన దగ్గరికే పోయింది. పోయి కండ్లారా చూసి రాండి. ఆ తర్వాత కూడా వొద్దనిపిస్తే నేను ఫోన్ చెయ్యను," అన్నాడు.

అమ్మేవాడి నోట "తెలీదు" అన్న మాట విని గాబ్రియేలు ఆశ్చర్యపోయాడు. ఆ పూట అతనికి నచ్చిన మాట అదొక్కటే.

ఊరికి తిరిగిపోయే దారిలోనే కొంచెం చుట్టు తిరిగి ఇద్దరూ ప్రొద్దుటూరులో బస్సు దిగారు.

భూపేష్ షెడ్డు ఊరి చివర ఉంది. రేకుల కింద వేడి కుతకుతలాడుతోంది. నలభై దాటిన మనిషి, చేతులకు మోచేతుల దాకా నల్లటి నూనె. యేసుప్రసాద్ పేరు చెప్పగానే అతను తల ఊపి, మూలన బల్లమీద విప్పి పెట్టిన ఇంజన్ దగ్గరికి తీసుకుపోయాడు.

"వేలు పెట్టి చూడన్నా."

గాబ్రియేలు సిలిండర్‌లోకి వేలు పోనిచ్చి గోడను తడిమాడు. అద్దంలా ఉండవలసిన గోడ గీసుకుపోయి ఉంది. నిలువునా చాళ్ళు. గోరు ఆ చాళ్ళలో పడి లేస్తోంది.

"కంపెనీ ఇనుములో నాణ్యం లేదా?" అన్నాడు.

భూపేష్ జవాబు చెప్పకుండా కింద డబ్బాలోంచి ఒక నల్లటి రబ్బరు గొట్టం తీసి చూపించాడు. గాలి ఫిల్టరు నుంచి ఇంజన్‌లోకి పోయే గొట్టం. మధ్యలో జానెడు పొడుగున చిరిగి ఉంది. చిరుగు మీద గుడ్డపీలిక చుట్టి, దాని మీద తీగె బిగించారు. గొట్టం లోపల వేలు పెట్టి భూపేష్ బయటికి తీస్తే, వేలికి బూడిదరంగు పొడి మెత్తగా అంటుకుంది.

"ముగ్గురాయి పొడి. ఫిల్టరు ముందర ఎంత మంచిదుంటే ఏం లాభం? ఫిల్టరు దాటినాక చిరిగింది గొట్టం. ఇంజన్ ఆ పొడిని ఎన్నాళ్ళు మింగిందో ఏమో. గంధం అరగదీసినట్టు తన గోడల్ని తానే అరగదీసుకున్నాది."

కృపమణి ఆ గుడ్డపీలికను దగ్గరగా చూసింది. నీలం చారల గుడ్డ. ఆమె మొహం చిన్నబోయింది.

"ఇది మావాడి లుంగీ," అంది మెల్లగా. "పోయిన ఏడు ఎండాకాలం మా ఇంటికొచ్చినప్పుడు చింపినాడు. ఎందుకురా అంటే బండిలో చిన్న పనుండాది అన్నాడు."

గాబ్రియేలు ఆ పీలికను వేలితో తడిమాడు. బామ్మర్ది మాట పట్టుకుని ఆరు నెలలుగా తాను భయపడింది ఒక లుంగీ పీలికను చూసేనా అనిపించింది అతనికి. కానీ అతని అనుమానం పూర్తిగా పోలేదు. దుమ్ము మింగితే ఏ ఇంజనైనా చస్తుంది. మింగకపోతే మాత్రం ఎన్నేళ్ళు బతుకుతుందని?

"అది చూడాలంటే రొంతసేపు కూర్చోండి," అన్నాడు భూపేష్. "ఇంకొకటుండాది. ఇదే మోడలు. ఈ పొద్దు దాని పైమూత, హెడ్డు, లేపుతాండా. బండి గల్లామె కూడా వచ్చేసింది."

ఆ బండి షెడ్డు వెనక నిలిచి ఉంది. బాడీ మీద బురద చారలు ఎండిపోయి కిటికీ అంచుదాకా ఉన్నాయి. పక్కన స్టూలు మీద ముప్పై అయిదేళ్ళ ఆమె కూర్చుని ఉంది. పేరు సుజన, బనగానపల్లె. వాళ్ళాయన పేరు వీరభద్ర, మామిడి తోటలు గుత్తకు పడతాడట. కాయలను మార్కెట్లకు తోలేది ఈమె. కాయల కాలం పోయాక ఎరువులు, ఉల్లిగడ్డలు, ఏది దొరికితే అది.

"ఎంత తిరిగిందమ్మా?" అని అడిగాడు గాబ్రియేలు.

"నాలుగు లక్షల అరవై వేలన్నా."

గాబ్రియేలు నమ్మలేనట్టు లోపలికి వంగి మీటరు చూశాడు. నిజమే. తన పాత బండికి ఆ అంకె చేరడానికి పదకొండేళ్ళు పట్టింది. ఈమె ఆరేళ్ళలో చేరింది.

"మరి ఇంజన్ అరిగిపోయిందా? అందుకేనా విప్పడం?"

"అరగలేదన్నా," అంది సుజన. "మునిగింది."

భూపేష్ బోల్టులు వదులు చేస్తూ ఉంటే ఆమె చెప్పింది. కిందటి నెల వానలకు కుందూ పొంగిన రోజు. కోయిలకుంట్ల వైపు నుంచి ఎరువు బస్తాలతో వస్తోంది. కుందూలో కలిసే వంక మీద, వాన నీళ్ళు మీదుగా పారే చప్టా ఉంది. దాని నడుమ ఒక ట్రాక్టరు ఆగిపోయి ఉంది. ట్రాలీలో మిరపతోటకు కూలికి పోయి వస్తున్న ఆడవాళ్ళు పదిహేడు మంది. మోకాలి లోతున్న నీళ్ళు వాళ్ళు అరుస్తుండగానే తొడల దాకా వచ్చాయి. ఒడ్డున మగవాళ్ళు తాడు కోసం పరిగెత్తుతున్నారు.

"నా బండి మీద రెండు టన్నుల దాకా ఎరువుండాది. బరువుకు కొట్టుకపోదులే అనుకుంటి. అయితే ముందు మొగం పెట్టి పోతే ఇంజన్ నీళ్ళు తాగుతాది. అందుకని రివర్సులో పోతి."

గాబ్రియేలు ఆమె మొహంకేసి చూశాడు. "రివర్సులోనా? నీళ్ళల్లోకా?"

"ఊఁ. వెనక భాగం నీళ్ళకిచ్చి, మొగం ఒడ్డుకు పెట్టుకుంటి. చప్టా అంచుకు రాళ్ళు కట్టుండారు కదా, నీళ్ళల్లో అవి కనపడకపోయినా సుడి తిరిగేది కనపడతాది. ఆ సుడి చూసుకుంటా పోతి. మొదటి తడవ తొమ్మిది మంది బస్తాల మీదికి ఎక్కినారు. తెచ్చి దించితి. రెండో తడవ తక్కిన వాళ్ళు. అప్పటికి నీళ్ళు పెరిగిపోయినాయి. వచ్చేటప్పుడు బానెట్ మీదికి అల కొట్టింది. ముందు చక్రాలు గట్టెక్కినాయి, అంతే, గుడుక్కున ఒక శబ్దం. ఆగిపోయింది. ఆనక తాడు కట్టి జనమే లాగినారు."

"నీకు భయం కాలేదామ్మా?" అంది కృపమణి.

"అయిందిలే అక్కా. కాళ్ళు వొణకతాండాయి, క్లచ్ మీద కాలు నిలబడదే. బండి మాత్రం వొణకలేదు. అందుకని దాన్నే నమ్ముకుంటి."

ఆ మాట ఆమె గొప్పకు చెప్పలేదు. దారిలో వాన పడిందని చెప్పినట్టు చెప్పింది.

భూపేష్, అతని దగ్గర పనిచేసే మనిషి కలిసి హెడ్డు పైకెత్తారు. లోపల ఇంకా వంక నీటి బురద చారలున్నాయి. భూపేష్ ఒక్కో సిలిండర్‌ను డీజిల్ ముంచిన గుడ్డతో తుడిచి, టార్చి వేసి, పక్కకు జరిగాడు.

"ఇప్పుడు చూడన్నా."

గాబ్రియేలు వంగాడు. మొదట అతనికి ఏమీ అర్థం కాలేదు. వెలుతురు గోడ మీద పడి జారుతోంది. తర్వాత కన్ను కుదురుకుంది. ఆ గోడ మీద సన్నని గీతలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ, ఎవరో సూదిమొనతో ఓపిగ్గా అల్లిన జల్లెడలాగా, పై నుంచి కింది దాకా ఉన్నాయి. వేలు పెట్టాడు. గోరు ఎక్కడా తట్టలేదు. పట్టుమీద చెయ్యి పోనిచ్చినట్టుంది.

"ఇవేం గీతలు?"

"ఫ్యాక్టరీలో గీసినవన్నా. ఇంజన్ పుట్టినప్పుడే గీస్తారు, ఆయిల్ నిలవాలని. పిస్టన్ తిరిగి తిరిగి అరిగితే మొదలు పోయేది ఇవే. యేసుప్రసాద్ ఇంజన్లో ఒక్కటి లేదు. ఈడ చూడు, పుట్టినప్పుడు ఎట్లుండాయో అట్లే ఉండాయి."

గాబ్రియేలు తల ఎత్తలేదు. భూపేష్ అతని పక్కనే వంగి, మెల్లగా, తనలో తాను అనుకుంటున్నట్టు లెక్క చెప్పాడు. నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్‌లో వెయ్యిసార్లు మంట లేస్తుంది. నాలుగు లక్షల అరవై వేల కిలోమీటర్లంటే పదకొండు వేల గంటల పైమాటే. "అంటే ఈ ఒక్క బొక్కలో దాదాపు డెబ్బై కోట్ల తూర్లు మంట లేచి ఆరింది. ఇట్లాంటివి నాలుగు. నేను ఇరవై రెండేండ్లుగా ఇదే పని చేస్తాండా. ఇంకా ఇట్లాంటిది తెరిచినప్పుడు ఒక గడియ నోట మాట రాదు నాకు."

డెబ్బై కోట్లు. ఆ అంకె గాబ్రియేలు తలలో ఎక్కడా పట్టలేదు. పంతొమ్మిదేళ్ళు తాను సీటు మీద కూర్చుంటే, కాళ్ళకు మూరెడు దూరంలో ఇంత జరుగుతూ ఉండిందా? తాను పాటలు పాడుకుంటూ, బీడీ మానేసి మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ మానేస్తూ, సరుకు వాళ్ళతో గొడవపడుతూ పోతుంటే, ఆ ఇనుప చీకట్లో ఒక్క మంటా తప్పకుండా లేస్తూ ఉండిందా? అతని మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చర్చిలో అందరూ లేచి ఒక్కసారిగా గొంతు కలిపినప్పుడు మాత్రమే అతనికి అట్లా అవుతుంది.

తర్వాత భూపేష్ మూడో పిస్టన్‌ను కింది నుంచి పైకి తోసి తీసి గాబ్రియేలు చేతిలో పెట్టాడు. దాన్ని పట్టుకున్న ఉక్కు కడ్డీ చిటికెనవేలంత వంగి ఉంది. నీళ్ళు నలగవు కాబట్టి కడ్డీయే నలిగింది.

"నీళ్ళు పోకపోతే ఇంకా ఎన్నేండ్లు తిరిగేదో," అన్నాడు భూపేష్. "ఈ కడ్డీ మారుస్తా, బేరింగులు మారుస్తా. గోడల్ని ముట్టుకోను. ముట్టుకుంటే పాపం."

గాబ్రియేలు ఆ వంగిన ఉక్కును రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత సుజన వైపు తిరిగాడు. తన కూతురి వయసు ఉంటుందేమో. అడగడానికి అతనికి ఏ సంకోచమూ కలగలేదు.

"నువ్వేం చేసినావమ్మా దీనికి? నాకు నేర్పు."

సుజనకు సిగ్గేసింది. "నేనేం చేసినానన్నా! పొద్దున్నే ఆయిల్ చూసుకుంటా. చల్లటి ఇంజన్ను ఉరికించను. ఎండలో బరువుతో వచ్చినాక దబీమని ఆపను, ఒక నిమిషం ఊరికే తిరగనిస్తా. దుమ్ముదారిలో పోయినానంటే ఆ వారమే ఫిల్టరు చూస్తా, గొట్టాలు తడిమి చూస్తా. ఆ పొగ ఫిల్టరు దీపం వెలిగితే శానామంది భయపడి బండి ఆపేస్తారు. నేను హైవే ఎక్కి అరగంట ఆపకుండా తోల్తా. లోపల పట్టిన మసిని దానంతట అదే కాల్చుకుని దీపం ఆరిపోతాది."

"చెడిపోనే లేదా?"

"ఎందుకు చెడిపోలేదు! సెన్సార్లు రెండు తూర్లు పోయినాయి. ఇంజెక్టర్ ఒకటి మార్చినా. ఒకతూరి ఆళ్ళగడ్డ దగ్గర నడిరోడ్డు మీద నిలబడిపోయి, మామిడికాయలన్నీ ఎండకు వాడిపోయినాయి. ఆ పొద్దు దీన్ని తిట్టని తిట్టు లేదు."

గాబ్రియేలు నవ్వాడు. అంతా బాగుందని చెప్పి ఉంటే అతను నమ్మేవాడు కాదు.

"పదేండ్లు వస్తాదా భూపేషూ?" అన్నాడు ఆఖరిసారిగా.

"నేను దేవుణ్ణి కాదన్నా. పదివేల బండ్లలో ఏదో ఒకటి పుట్టుకతోనే రోగంతో వస్తాది, దాన్నెవరూ ఆపలేరు. తక్కినవి ఎంత బతుకుతాయనేది, సగం చేసేటోళ్ళ చేతిలో ఉండాది, సగం తోలేటోళ్ళ చేతిలో ఉండాది. నేను విప్పి చూసేది వాళ్ళిద్దరి చేతుల్నే."

కృపమణి కొంగుతో మొహం తుడుచుకుంటూ అంది. "మన పాత బండి ఫిల్టరు శనివారం శనివారం దులిపింది ఎవరనుకున్నావు?"

గాబ్రియేలు ఆమె వంక చూశాడు. నిజమే. మరుసటి రోజు చర్చికి కట్టుకోవలసిన బట్టలు ఉతికి, చాపలు దులిపి, ఆ చాపలతో పాటే బండి ఫిల్టరూ తీసి అరుగు అంచుకు మెల్లగా తట్టి, పాత చీరముక్కతో తుడిచి పెట్టేది. అది ఇంటిపనుల్లో ఒకటనే అతను అనుకున్నాడు. ఆమె కూడా ఎన్నడూ చెప్పుకోలేదు. ఊళ్ళో ఎవరైనా, "నీ ఇంజన్ ఇన్నేండ్లు ఎట్లొచ్చిందప్పా?" అంటే, "అప్పటి ఇనుము అట్లాంటిది," అని జవాబు చెబుతూ వచ్చాడు. ఎనిమిది లక్షల కిలోమీటర్లు. అన్ని శనివారాలు. ఆమె చేతిలోని నీళ్ళసీసా అందుకుని, మూత తీసి, ముందు ఆమెకే తిరిగి ఇచ్చాడు.

"తాగు. ఎండగా ఉండాది," అన్నాడు.

వారం తర్వాత భూపేష్ ఫోను చేశాడు. "రేపు పదింటికి సుజనమ్మ ఇంజన్ స్టార్ట్ చేస్తాండా. ఊరికే చెప్తాండాలే, మళ్ళీ అంత దూరం ఏం వస్తావు?" గాబ్రియేలు తెల్లవారి మొదటి బస్సుకే బయల్దేరాడు. కృపమణి కూడా వచ్చింది.

షెడ్డు దగ్గర నలుగురైదుగురు చేరి ఉన్నారు. సుజన సీట్లో కూర్చుని తాళం పట్టుకుంది. మొదటిసారి ఇంజన్ తిరిగి తిరిగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. భూపేష్ డీజిల్ పంపును చేత్తో పది పన్నెండుసార్లు ఒత్తి, చెయ్యి ఊపాడు. మూడోసారి ఒక మంట అంటుకుంది. ఒక్కటే. ఇంజన్ అటూ ఇటూ తడబడింది. రెండోది అంటుకుంది. ఆ తర్వాత నాలుగూ ఒక్కసారిగా కలిశాయి. షెడ్డు రేకులు సన్నగా మోగాయి. పొగగొట్టంలోంచి వంక నీటి తేమ తెల్లటి ఆవిరై లేచి, కాసేపటికి పలచబడి, మాయమైంది.

సుజన స్టీరింగు మీద నుదురు ఆనించుకుంది. నిలబడ్డవాళ్ళలో మిరపతోట కూలీ ఒకామె ఉంది, లక్ష్మీదేవమ్మ అట. ఆ రోజు రెండో తడవలో ఒడ్డుకు చేరింది. ఈ రోజు పని మానుకుని మరీ బస్సెక్కి వచ్చింది. ఆమె ముందుకు వచ్చి, అదురుతున్న బానెట్ మీద రెండు చేతులూ పెట్టి, కళ్ళకద్దుకుంది.

గాబ్రియేలు కూడా చెయ్యి పెట్టాడు. అదురు అరచేతిలోంచి మోచేతికి, మోచేతినుంచి ఛాతీకి ఎక్కింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమనుకుంటారోనని కూడా అతనికి తోచలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అక్కణ్ణుంచే క్రాంతి కుమార్‌కు ఫోను చేశాడు. "నాయనా, బండి రాసుకో. తెల్లది."

బండి ఇంటికి వచ్చిన ఆదివారం యేసుప్రసాద్ వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు. పెదవి విరిచాడు. "చెప్పినా వినకపోతివి బావా. ఎన్నేండ్లు వస్తాదని దీన్ని కొంటివి?"

"తెలీదు ప్రసాదూ," అన్నాడు గాబ్రియేలు.

యేసుప్రసాద్ ఇంకేదో అనబోయాడు. కృపమణి లోపలినుంచి ఒక పొట్లం తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. అతను విప్పాడు. భూపేష్ షెడ్డు నుంచి ఆమె అడిగి తెచ్చిన నీలం చారల గుడ్డపీలిక. దానికి అంటుకున్న బూడిదరంగు పొడి అతని వేళ్ళకు అంటింది. అక్క తిడుతుందని ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు.

"భూపేష్ నీ ఇంజన్‌కు గోడలు కొత్తవి వేస్తానన్నాడు," అన్నాడు గాబ్రియేలు. "పద్దెనిమిదో తేదీ బిగిస్తాడంట. నేనూ వస్తా. మూత పెట్టకముందే ఒకతూరి లోపలికి చూడాల నువ్వు. నాకు చెప్పను రాదు, చూడాల."

యేసుప్రసాద్ తల ఊపాడు. కాసేపటికి కొత్త బండి దగ్గరికి పోయి, తనే బానెట్ ఎత్తి, గాలి గొట్టం మొదట్నుంచి చివరిదాకా వేలితో తడుముతూ నిలబడ్డాడు.